టెక్సాస్‌లో నేను కట్టే స్కూల్ ట్యాక్స్ వేరే ఊరికి ఎందుకు పోతోంది?

మిర్చిబజ్జీ77
ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు వచ్చింది, చూడగానే బీపీ పెరిగింది. డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. బిల్లులో సగానికి పైగా ఐఎస్‌డీ (మా ఏరియా బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టు) పద్దే. పిల్లలు చదివేది అక్కడే కదా అని సర్దుకుందామంటే, పీటీఏ మీటింగ్‌లో ఒకావిడ చెప్పింది విని ఇంకా మండింది. మనం కట్టేదాంట్లో కొంత ‘రీకాప్చర్’ అని రాష్ట్రం లాగేసుకుని వేరే ఊళ్ల స్కూళ్లకి ఇస్తుందట. ఇక్కడేమో బడ్జెట్ లేదని ఒకే ఆర్ట్ టీచర్ని రెండు స్కూళ్లకి తిప్పుతున్నారు. పైగా మా వీధిలో అవతలి వరస ఇళ్లు వేరే ఐఎస్‌డీ. అదే బిల్డర్, అదే ఫ్లోర్ ప్లాన్, ధరలో మాత్రం బోలెడు తేడా. దేశమంతటికీ ఒక పద్ధతి ఉండదా? ఈ రూలు పెట్టిందెవరు? తిట్టుకోవడానికైనా ఒక పేరు కావాలి.

పెరుగన్నం
పేరు కావాలంటే అమెరికా సుప్రీంకోర్టు జడ్జి లూయిస్ పవెల్, 1973 తీర్పు. మిగతాది లాపాయింట్ గారు వచ్చి చెప్తారు. ఆయనకి ఇలాంటి థ్రెడ్ దొరికితే పండగే.

రాత్రిపూట_కోడర్
అవతలి వరసలో కొనాల్సింది బ్రో. రియల్టర్ చెప్పలేదా?

మిర్చిబజ్జీ77
చెప్పాడు. దాని ధర కూడా చెప్పాడు.

లాపాయింట్
అమెరికా రాజ్యాంగంలో చదువు అన్న ప్రస్తావనే లేదు. కేంద్రానికి అప్పగించనివన్నీ రాష్ట్రాలవని 10వ సవరణ అంటుంది. అందుకే ‘దేశమంతటికీ ఒకే పద్ధతి’ ఎప్పుడూ లేదు. రాష్ట్రాలేమో ఆ పనిని స్కూల్ డిస్ట్రిక్టుల చేతిలో పెట్టి, ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తుల మీద వసూలు చేసుకోమన్నాయి. ఆస్తులు ఖరీదైన చోట బడికి డబ్బు, లేని చోట తిప్పలు.

దీన్ని కోర్టుకి లాగింది శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద పేట, దాదాపు అంతా మెక్సికన్ అమెరికన్లు. 1968 మేలో ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలి బయటికి నడిచేశారు. బిల్డింగు శిథిలం, టీచర్లలో చాలామందికి సర్టిఫికేషన్ లేదు. ఆ ఏడే తల్లిదండ్రులు ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. ముందున్నది డెమెట్రియో రోడ్రిగెజ్, కెల్లీ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో రేకుల పని చేసే మనిషి.

లెక్కలు చూడండి. ఎడ్జ్‌వుడ్‌లో వంద డాలర్ల ఆస్తికి పన్ను 1.05 డాలర్లు. అదే ఊళ్లో డబ్బున్నవాళ్ల అలమో హైట్స్‌లో 85 సెంట్లు. ఎక్కువ రేటు కట్టిన ఎడ్జ్‌వుడ్‌కి స్థానిక పన్ను నుంచి పిల్లవాడికి అదనంగా వచ్చింది 26 డాలర్లు. తక్కువ రేటు కట్టిన అలమో హైట్స్‌కి 333. రాష్ట్రం, కేంద్రం ఇచ్చింది కలిపాక కూడా 356 ఎక్కడ, 594 ఎక్కడ. ఇది 1967-68 లెక్క, తీర్పులోనే ఉంది.

1971లో ముగ్గురు జడ్జీల ఫెడరల్ కోర్టు ఈ పద్ధతి చెల్లదంది. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4తో దాన్ని తిరగేసింది. ఫెడరల్ రాజ్యాంగం కింద చదువు ప్రాథమిక హక్కు కాదు, పన్నుల సంస్కరణ కావాలంటే రాష్ట్రాల దగ్గరే తేల్చుకోండి అని పవెల్ రాశారు. ఆయన జడ్జి కాకముందు వర్జీనియాలో రిచ్‌మండ్ స్కూల్ బోర్డుకి ఛైర్మన్‌గా చేశారు. ఆ కాలమంతా అక్కడ తెల్లపిల్లల బళ్లు, నల్లపిల్లల బళ్లు దాదాపు వేరువేరుగానే నడిచాయి. ఇంకో జడ్జి థర్‌గుడ్ మార్షల్ ఘాటుగా విభేదించారు. మెజారిటీని మార్చడానికి అది చాలలేదు.

ఓరుగల్లు_వాసి
ఇంత పెద్ద దేశంలో చదువు ప్రాథమిక హక్కు కాదా! మన దగ్గర 2002లో 86వ సవరణతో 21ఏ వచ్చింది, 6 నుంచి 14 ఏళ్ల దాకా ఉచిత నిర్బంధ విద్య. 2009లో విద్యాహక్కు చట్టం చేశారు. దానికి ముందే 1993లో సుప్రీంకోర్టు చదువు హక్కేనని చెప్పింది. ఆ కేసు పేరు ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్.

పెరుగన్నం
హక్కు కాగితం మీద భేషుగ్గా ఉంది. మా ఊరి బళ్లో ఐదు తరగతులకీ కలిపి ఒక్కరే పంతులు. ఆయన సెలవు పెడితే ఆ రోజు హక్కు కూడా సెలవే.

ఓరుగల్లు_వాసి
అది అమలు సంగతి. కోర్టుకు పోయి అడగడానికి ఒక ఆధారమన్నా ఉండాలె కదా.

లాపాయింట్
అసలు విషయం అదే. ఫెడరల్ తలుపు మూసుకుపోయేసరికి ఎడ్జ్‌వుడ్ వాళ్లు రాష్ట్ర రాజ్యాంగం పట్టుకున్నారు. టెక్సాస్ రాజ్యాంగం 7వ ఆర్టికల్‌లో ఉచిత బడుల ‘సమర్థమైన వ్యవస్థ’ నడపడం శాసనసభ బాధ్యత అని రాసి ఉంది. 1984లో మళ్లీ కేసు, ఎడ్జ్‌వుడ్ వర్సెస్ కర్బీ. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు 9-0తో ఎడ్జ్‌వుడ్ వైపు తీర్పిచ్చింది. శాసనసభ ఒక చట్టం చేసింది, కోర్టు కొట్టేసింది. ఇంకోటి చేసింది, అదీ కొట్టేసింది. చివరికి 1993లో వచ్చిందే ఈ రీకాప్చర్. డబ్బున్న డిస్ట్రిక్టు ఒక హద్దు దాటి వసూలు చేస్తే మిగిలింది రాష్ట్రానికి కట్టాలి. జనం పెట్టిన పేరు రాబిన్‌హుడ్. 1995లో కోర్టు దీన్ని ఒప్పుకుంది.

కాబట్టి మిర్చిబజ్జీ గారూ, మీ డబ్బు బయటికి పోవడం పవెల్ పుణ్యం కాదు. పవెల్ ఒక్కరి మాటే నిలిచి ఉంటే మీ డబ్బంతా మీ ఐఎస్‌డీలోనే ఉండేది. పేరు మార్చుకుని తిట్టుకోండి.

మిర్చిబజ్జీ77
సరే, పేదపిల్లలకి పోతే బాధ లేదండీ, మా నాన్న కూడా జెడ్పీ హైస్కూల్లో చదివినవాడే. నా గోల వేరు. ఇళ్ల ధరలు పెరిగేకొద్దీ మా దగ్గర వసూలు పెరుగుతుంది, రాష్ట్రం తను వేయాల్సిన వాటా ఆ మేరకి తగ్గించుకుంటుంది. మరి పేద డిస్ట్రిక్టుకి అదనంగా చేరిందెంత?

కోనసీమ_కొబ్బరి
ఈ పాయింట్ కరెక్ట్. ఆస్టిన్ ఐఎస్‌డీని చూడండి. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ రీకాప్చర్ కట్టింది వాళ్లే. అక్కడి పిల్లల్లో సగం మంది దాకా తక్కువ ఆదాయం ఇళ్లవాళ్లు. ఊళ్లో ఆఫీసు టవర్లు లేచాయి కాబట్టి కాగితం మీద ‘ధనిక’ డిస్ట్రిక్టు.

లాపాయింట్
2016లో ఇదే టెక్సాస్ సుప్రీంకోర్టు ముందుకి మరోసారి వచ్చింది. వ్యవస్థలో లోపాలున్నాయి గానీ రాజ్యాంగం కోరే కనీస స్థాయిలో ఉంది అని వదిలేశారు. 2019లో శాసనసభ ఫార్ములా మార్చి రీకాప్చర్ కొంత తగ్గించింది.

రాత్రిపూట_కోడర్
ఒక డౌట్. ఆర్ట్ టీచర్‌కి డబ్బు లేదు, మరి అంతంత ఫుట్‌బాల్ స్టేడియాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? మా దగ్గరున్నది చూస్తే ఉప్పల్ స్టేడియం గుర్తొస్తుంది.

కోనసీమ_కొబ్బరి
బిల్లులో రెండు లైన్లుంటాయి చూడండి. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, రోజువారీ నడక. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల అప్పు తీర్చడం. రీకాప్చర్ మొదటి దాంట్లోంచే పోతుంది, రెండోదాన్ని ముట్టుకోదు. స్టేడియం బాండ్ డబ్బుతో కడతారు, ఆ డబ్బుతో టీచర్‌కి జీతం ఇవ్వకూడదు. కొత్త బాండ్ కావాలంటే ఓటింగ్ పెట్టాలి. మన కాలనీల్లో ఆ ఎన్నికకి ఓటున్నా వెళ్లేది ఎంతమంది?

రాత్రిపూట_కోడర్
హెచ్1బీకి ఓటు లేదు మేడమ్. ట్యాక్స్ మాత్రం ఉంది.

ఎడిసన్_అత్తయ్య
మీ టెక్సాస్ గోల సరే, మా న్యూజెర్సీ కథ వినండి. మా రాష్ట్ర రాజ్యాంగంలో కూడా ‘సమగ్రమైన, సమర్థమైన’ ఉచిత బడులు అని ఉంది. పైన చెప్పిన పవెల్ తీర్పు వచ్చిన రెండు వారాలు తిరక్కుండానే, 1973 ఏప్రిల్ 3న, మా కోర్టు ప్రాపర్టీ ట్యాక్స్ మీదే బడులు నడపడం చెల్లదంది. రాబిన్సన్ వర్సెస్ కేహిల్. శాసనసభ నాన్చింది. నాన్చీ నాన్చీ 1976 జులై వచ్చేసరికి కోర్టు ఏకంగా బడుల మీద పైసా ఖర్చు పెట్టొద్దని ఆపేసింది. రాష్ట్రమంతా సమ్మర్ స్కూళ్లు బంద్. వారం పది రోజుల్లో శాసనసభ దిగొచ్చి ఇన్‌కమ్ ట్యాక్స్ పెట్టింది. అంతకుముందు న్యూజెర్సీలో జీతాల మీద రాష్ట్రానికి అలాంటి పన్ను లేదు. మా ఆయన పే స్టబ్ చూసి గొణిగినప్పుడల్లా ఈ కథే చెప్తాను.

తర్వాత ఆబట్ వర్సెస్ బర్క్ అని ఇంకో కేసు. 1985లో మొదలై విడతలు విడతలుగా తీర్పులు వస్తూనే ఉన్నాయి. 1998లో వచ్చిన తీర్పుతో కోర్టు జాబితాలోని పేద డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలకి ఫ్రీ ప్రీస్కూల్ వచ్చింది. జెర్సీ సిటీ ఆ జాబితాలోదే. కొత్తగా వచ్చి జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ తీసుకున్న మనవాళ్లు పిల్లల్ని ఫ్రీగా ప్రీకేకి పంపేది ఆ కేసు వల్లే. పిల్ల కిండర్‌గార్టెన్‌కి రాగానే ‘మంచి స్కూళ్లు’ అని ఎడిసన్ వైపు మూటాముల్లే సర్దుకుంటారు.

మిర్చిబజ్జీ77
కోర్టు బడులు మూయించి పన్ను వేయించిందా? అక్కడ కూడా చివరికి జేబుకే చిల్లు.

ట్రాయ్‌లో_తిరుపతి
వీధికి అవతల వేరే డిస్ట్రిక్టు అన్నారు కదా, ఆ గీతకి అంత బలం వచ్చింది మా మిషిగన్ కేసుతో. 1954 బ్రౌన్ తీర్పు అందరికీ తెలుసు, నల్లపిల్లలకి వేరే బడి చెల్లదని 9-0. డెట్రాయిట్‌కి వచ్చేసరికి తెల్లవాళ్లు శివార్లకి వెళ్లిపోయారు, సిటీ బడుల్లో కలపడానికి ఎవరూ మిగల్లేదు. కింది కోర్టు సిటీనీ చుట్టూ ఉన్న 53 శివారు డిస్ట్రిక్టుల్నీ కలిపి పిల్లల్ని బస్సుల్లో తిప్పమంది. 1974లో సుప్రీంకోర్టు 5-4తో కొట్టేసింది. శివారు డిస్ట్రిక్టులు తప్పు చేశాయని రుజువు కాకుండా వాళ్లని ఇందులోకి లాగడానికి వీల్లేదట. మిల్లికెన్ వర్సెస్ బ్రాడ్లీ. ఆ తర్వాత డిస్ట్రిక్టు హద్దు అంటే లక్ష్మణరేఖే. మనం ఇల్లు కొనేముందు మ్యాప్ జూమ్ చేసి చూసేది ఆ రేఖనే.

ఓరుగల్లు_వాసి
మన ముచ్చట కూడా ఒకటి ఉంది ఇందులో. 1924లో మిసిసిపీలో మార్తా లం అనే చైనీస్ దుకాణదారు కూతుర్ని తెల్లపిల్లల బడిలోంచి పంపించేశారు. తండ్రి గాంగ్ లం సుప్రీంకోర్టు దాకా పోయిండు. 1927లో 9-0తో ఓడిపోయిండు. తెల్లవాళ్లు కానోళ్లంతా ‘కలర్డ్’ కిందే లెక్క, రాష్ట్రం ఇష్టం అన్నరు. మనోళ్లు అప్పుడొచ్చి ఉంటే మన పిల్లలదీ అదే గతి. బ్రౌన్ కేసు నల్లవాళ్ల సంగతి, మనకేంది అనుకునేటోళ్లకు చెప్తున్న.

పెరుగన్నం
బ్రౌన్ వచ్చాక కూడా పదేళ్లు పెద్దగా కదలలేదు. 1955లో రెండో తీర్పులో గడువు పెట్టకుండా వదిలేశారు. 1964 నాటికి దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఒకరో ఇద్దరో. కదిలించింది డబ్బు. 1964 పౌరహక్కుల చట్టం, వివక్ష చూపితే కేంద్రం డబ్బు రాదంది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ ఇంకో చట్టం చేసి పేదపిల్లలున్న బడులకి టైటిల్ వన్ నిధులిచ్చారు. టెక్సాస్‌లో తను చిన్నప్పుడు చదివిన ఒంటిగది బడి బయట బల్ల వేయించుకుని, తన మొదటి టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం పెట్టారు. ఇస్తానన్న డబ్బూ, ఆపేస్తానన్న బెదిరింపూ కలిసి వచ్చాక బడులు కలిశాయి.

రాత్రిపూట_కోడర్
మొత్తానికి ఇండియాలో అయినా ఇక్కడ అయినా గ్రాంటు ఆపుతామంటేనే ఫైలు కదులుతుంది.

కోనసీమ_కొబ్బరి
నా అనుభవం చెప్తాను, ఇది ఎవరికైనా పనికొస్తుందని. మా బాబుకి మూడేళ్లు దాటినా మాటలు సరిగ్గా రాలేదు. ‘మగపిల్లలకి మాటలు లేటే’ అని అత్తగారు, ‘ఇంట్లో రెండు భాషలు కదా’ అని డాక్టరు. కిండర్‌గార్టెన్‌లో టీచర్ కొన్నాళ్లు చూద్దాం అంది. ఆ కొన్నాళ్లు ఫస్ట్ గ్రేడ్ దాకా సాగాయి. ఒక సీనియర్ అక్క చెప్పింది: నోటితో అడగొద్దు, ఈమెయిల్ పెట్టు, ‘ఫుల్ ఇవాల్యుయేషన్ కోరుతున్నాను’ అన్న వాక్యం తప్పకుండా రాయి. పెట్టాను. టెక్సాస్‌లో రాతపూర్వకంగా అడిగితే 15 స్కూల్ రోజుల్లో జవాబివ్వాలి, మనం సంతకం పెట్టాక 45 స్కూల్ రోజుల్లో పరీక్షలు ముగించాలి. అంతవరకు చూద్దాం అన్న స్కూలే గబగబా కదిలింది.

ఏఆర్‌డీ మీటింగ్‌కి (పిల్లవాడికి ఏ సాయం ఇవ్వాలో తేల్చేది) వెళ్తే బల్ల చుట్టూ ఆరేడుగురు. సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, టీచర్లు, అసిస్టెంట్ ప్రిన్సిపాల్. బల్ల మధ్యలో టిష్యూ డబ్బా రెడీగా పెట్టి ఉంది. హక్కుల పుస్తకం ఒకటి చేతికిచ్చి ముట్టినట్టు సంతకం చేయించుకున్నారు. టెన్షన్‌లో ఒక్క ముక్క చదవలేదు. ఇంటికొచ్చి చదివాక తెలిసింది, వాళ్లు చెప్పినదానికి అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదని, కావాలంటే మరో మీటింగ్ అడగొచ్చని. బాబు ఇప్పుడు మిడిల్ స్కూల్. వాగుడు ఆపమంటే ఆపడు.

లాపాయింట్
ఈ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1972కి ముందు వైకల్యం ఉన్న పిల్లవాణ్ణి బడి చేర్చుకోకపోతే అడిగే దిక్కు దాదాపు లేదు. పెన్సిల్వేనియాలో, వాషింగ్టన్ డీసీలో తల్లిదండ్రులు వేసిన రెండు కేసులు దారి తెరిచాయి. 1975 నవంబర్‌లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో చట్టం వచ్చింది. అప్పటికి పది లక్షల మంది పిల్లలు బడికి పూర్తిగా దూరంగా ఉన్నారని ఆ చట్టంలోనే రాసుకున్నారు. అదనపు ఖర్చులో 40 శాతం దాకా కేంద్రం ఇస్తానంది. దాదాపు ఏ ఏడాదీ అందులో సగం కూడా ఇవ్వలేదు.

ఆ చదువు ఏ స్థాయిలో ఉండాలన్నది 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో తేలింది. నామమాత్రపు ప్రగతి చాలదు, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి ఉండాలని అందరు జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. మీటింగ్‌లో ‘ఏదో కొంచెం ఇంప్రూవ్ అయ్యాడుగా’ అంటే ఈ తీర్పు గుర్తుపెట్టుకోండి.

మిర్చిబజ్జీ77
కొబ్బరి గారూ, చూద్దాం చూద్దాం అని అన్నాళ్లు ఎందుకు నాన్చారు? చట్టం ఉందిగా.

కోనసీమ_కొబ్బరి
మా స్కూల్ సంగతి నాకు తెలియదు గానీ, రాష్ట్రం సంగతి రికార్డులో ఉంది. 2004 నుంచి టెక్సాస్ విద్యాశాఖ స్పెషల్ ఎడ్ (ప్రత్యేక విద్య) పిల్లలకి 8.5 శాతం అని ఒక గీటు పెట్టి, దాటిన డిస్ట్రిక్టుల్ని నిలదీసేది. 2016లో ఒక హ్యూస్టన్ పత్రిక బయటపెట్టింది. 2018లో కేంద్ర విద్యాశాఖ అది చట్ట ఉల్లంఘనేనని తేల్చింది. అన్నేళ్లలో వెయిట్ చేయండి అని చెప్పించుకున్న తల్లులు ఎంతమందో.

రాత్రిపూట_కోడర్
టాపిక్ కాస్త పక్కకి. మా బావమరిది ఇండియా నుంచి వాడి కొడుకుని పంపి మా ఇంట్లో ఉంచి ఇక్కడి హైస్కూల్లో చదివిద్దామంటున్నాడు. పబ్లిక్ స్కూల్ ఫ్రీ కదా, కుదురుతుందా?

ఎడిసన్_అత్తయ్య
వద్దు నాయనా. ముందు బావమరిదికి వీసా సంగతి అడగమను.

లాపాయింట్
రెండు తీర్పులు కలిపి చదవాలి, రెండూ టెక్సాస్‌వే. 1975లో టెక్సాస్ అక్రమంగా వచ్చిన పిల్లలకి బడి ఖర్చు ఇవ్వనని చట్టం చేసింది. టైలర్ డిస్ట్రిక్టు అలాంటి ఒక్కో పిల్లవాడికి ఏడాదికి వెయ్యి డాలర్లు ఫీజు అడిగింది. 1982లో ప్లయ్లర్ వర్సెస్ డో, 5-4: తల్లిదండ్రులు చేసిన పనికి పిల్లలకి చదువు ఆపకూడదు. అందుకే అడ్మిషన్‌కి వెళ్తే కరెంటు బిల్లు, లీజు అడుగుతారు తప్ప వీసా స్టాంప్‌తో వాళ్లకి పనిలేదు. పాస్‌పోర్టులన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లి చూపించక్కర్లేదు.

మరుసటి ఏడే మార్టినెజ్ వర్సెస్ బైనం. మెక్సికోలో తల్లిదండ్రుల్ని వదిలి మెక్ఆలెన్‌లో అక్క ఇంట్లో ఉంటూ బడికి వెళ్లాలనుకున్న పిల్లవాడి కేసు. అతను పుట్టుకతో అమెరికా పౌరుడే. అయినా సరే, ముఖ్యంగా ఉచిత చదువు కోసమే తల్లిదండ్రులకి దూరంగా వచ్చి ఉంటే డిస్ట్రిక్టు కాదనొచ్చని కోర్టు చెప్పింది. మీ బావమరిది ప్లాన్ అచ్చు అదే.

రాత్రిపూట_కోడర్
థాంక్స్. ఇంట్లో ఈ మాట నేను చెప్పలేను, థ్రెడ్ లింక్ పంపేస్తా.

ట్రాయ్‌లో_తిరుపతి
రేటింగ్ వెబ్‌సైట్లు చూసి ఇళ్లు కొంటాం కదా, ఆ మార్కులు కూడా చట్టం పెట్టిన భిక్షే. 2002 జనవరిలో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్. 3 నుంచి 8 గ్రేడ్ల దాకా ప్రతి ఏడూ మ్యాథ్, రీడింగ్ పరీక్షలు, ఫలితాలు వర్గాలవారీగా బయటపెట్టాలి. 2014కల్లా పిల్లలంతా వందకి వంద శాతం ప్రొఫిషియెంట్ అవ్వాలని లక్ష్యం.

పెరుగన్నం
వందకి వంద శాతమా? మన కార్పొరేట్ కాలేజీల యాడ్స్ రాసేవాళ్లని పెట్టుకున్నట్టున్నారు.

ట్రాయ్‌లో_తిరుపతి
2015లో ఒబామా టైమ్‌లో ఆ చట్టం పోయి ఇంకోటి వచ్చింది. పరీక్షలు మాత్రం పోలేదు.

గోడకుర్చీ_గోపి
ఇంత సీరియస్‌గా ఉన్నారు, నా సందేహం తీర్చండి. ఇక్కడ పిల్లల్ని టీచర్ కొట్టకూడదు కదా?

లాపాయింట్
ఆ పేరు పెట్టుకుని మీరు అడగాల్సిన ప్రశ్నే. 1977లో ఇంగ్రాహం వర్సెస్ రైట్. ఫ్లోరిడాలో ఒక పిల్లవాణ్ణి చెక్కతో ఇరవైకి పైగా దెబ్బలు కొట్టారు. బడిలో దెబ్బలకి క్రూర శిక్షలు వద్దనే 8వ సవరణ వర్తించదని 5-4. చాలా రాష్ట్రాలు తర్వాత నిషేధించుకున్నాయి. టెక్సాస్‌లో చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది, తల్లిదండ్రులు వద్దని సంతకం పెట్టి ఇస్తే తప్ప. చాలా డిస్ట్రిక్టులు వాటంతటవే మానేశాయి.

గోడకుర్చీ_గోపి
మా నాన్న అయితే కొట్టమని సంతకం పెట్టి ఇచ్చేవాడు.

మిర్చిబజ్జీ77
హహ. మా వాడు పొద్దున్నే అమెరికా జెండాకి ఒకటి, టెక్సాస్ జెండాకి ఒకటి ప్రతిజ్ఞ చేస్తాడు. ‘జనగణమన’ రెండో లైన్ దగ్గర ఆగిపోతాడు.

లాపాయింట్
ఇష్టం లేకపోతే చేయక్కర్లేదు. యుద్ధం నడుస్తుండగా, 1943లో, జెండా వందనం బలవంతం చేయకూడదని బార్నెట్ కేసులో చెప్పారు. టెక్సాస్‌లో మాత్రం మానాలంటే తల్లో తండ్రో చీటీ రాసివ్వాలి. దీపావళికి సెలవు కూడా అడగండి. మతపరమైన పండగకి వెళ్తే దాన్ని ఎక్స్‌క్యూజ్డ్ ఆబ్సెన్స్‌గా రాయాలని ఇక్కడి చట్టం. అటెండెన్స్ పోతుందని పిల్లని స్కూల్‌కి పంపి సాయంత్రం హడావుడిగా లక్ష్మీపూజ చేయక్కర్లేదు.

ఓరుగల్లు_వాసి
2025లో టెక్సాస్‌లో ఇంకో చట్టం చేసిండ్రు, వోచర్ల కోసం వంద కోట్ల డాలర్లు. ప్రైవేటు బడికి పోతే ప్రభుత్వ డబ్బు. నాకు ఇది నచ్చదు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ముచ్చట చదవండి. 1951లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల పిల్ల, తారు కాగితం అంటించిన షెడ్లలో చదవలేమని బడి పిల్లలందరితో సమ్మె చేయించింది. ఆ కేసు బ్రౌన్‌లో కలిసింది. తీర్పు అమలు చేయాల్సి వచ్చేసరికి కౌంటీ 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ, దానికి ట్యూషన్ గ్రాంట్లు. నల్లపిల్లలు ఐదేండ్లు సర్కారు బడి లేక రోడ్డు మీద పడ్డరు. 1964లో సుప్రీంకోర్టు చెప్తేనే తెరిచిండ్రు. వోచర్ అనంగనే నాకు ఆ అకాడమీ యాదికొస్తది.

ట్రాయ్‌లో_తిరుపతి
అన్నా, ఆ చరిత్ర నిజమే గానీ ఇప్పుడు వోచర్ అడిగేవాళ్లందరినీ ఆ గాటన కట్టడం న్యాయం కాదు. 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకున్న క్లీవ్‌లాండ్ వోచర్లు తీసుకున్నది ఎక్కువగా పేద కుటుంబాలే. సిటీ బడి మునిగిపోతోంది, పక్క డిస్ట్రిక్టు మిల్లికెన్ వల్ల రానివ్వదు. ఆ తల్లి ఎక్కడికి పోవాలి? ఇల్లు మార్చే స్తోమత ఉన్న మనం ఆల్రెడీ స్కూల్ ఎంచుకున్నాం. మన వోచర్ పేరు హోమ్‌లోన్.

ఓరుగల్లు_వాసి
హోమ్‌లోన్ మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను. మునిగే బడికి డబ్బు పెంచుమనాలె గానీ ఉన్నది కూడా తీసుకపోతే ఎట్ల?

మోడరేటర్
వోచర్ల మీద వేరే థ్రెడ్ ఉంది, పేర్లు పెట్టి పార్టీల్ని తిట్టుకునేది అక్కడ కానివ్వండి.

రాత్రిపూట_కోడర్
లాస్ట్ క్వశ్చన్, ఇది అర్జెంట్. అమ్మాయి కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్ ఫారంలో ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు’ అని ఉంది. ఫ్రెండ్స్ అందరూ ఇంగ్లిష్ అని రాయమంటున్నారు. తెలుగు అని రాస్తే ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ రాని పిల్లల క్లాసు) వేసేస్తారట?

ఎడిసన్_అత్తయ్య
ఇంగ్లిష్ అని రాసి పడెయ్. మా అక్క కూతురు తెలుగు అని రాస్తే పిల్లని పరీక్షలకి పిలిచి, క్లాసులోంచి రోజూ అరగంట బయటికి తీసుకెళ్లేవారు.

ఓరుగల్లు_వాసి
ఇంట్లో తెలుగు మాట్లాడుకుంట ఇంగ్లిష్ అని రాసుడేంది? పొద్దున పిల్లలకు మనబడి తెలుగు క్లాసు, సాయంత్రం ఫారంలో అబద్ధమా?

లాపాయింట్
ఆ ప్రశ్న ఎందుకుందో చెప్తాను. 1974, లౌ వర్సెస్ నికల్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల్లో దాదాపు 1,800 మందిని ఏ సాయమూ లేకుండా మామూలు క్లాసులో కూర్చోబెట్టారు. అవే పుస్తకాలు, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానం కాదని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. దానికీ ఆధారం పైన పెరుగన్నం గారు చెప్పిన 1964 చట్టమే. కేంద్రం డబ్బు తీసుకుంటే ఈ పిల్లల్ని గుర్తించి నేర్పాలి. ఆ గుర్తింపులో మొదటి మెట్టే ఈ ఫారం.

తెలుగు అని రాస్తే వెంటనే ఈఎస్‌ఎల్‌లో వేయరు. చిన్న పరీక్ష పెడతారు, పిల్లకి ఇంగ్లిష్ వస్తే అక్కడితో సరి. రాకపోతే సర్వీస్ ఇస్తామంటారు. వద్దని రాసిచ్చే హక్కు మీకుంది. వద్దన్నా సరే, ఇంగ్లిష్ వచ్చిందని తేలేదాకా టెక్సాస్‌లో ఏటా ఇంగ్లిష్ ఎంత వచ్చిందో చూసే టెల్‌పాస్ పరీక్ష రాయాల్సిందే. మనవాళ్లు విసుక్కునేది దానికే.

రాత్రిపూట_కోడర్
మా దానికి ఏ భాష ఎక్కువ అంటే నిజానికి యూట్యూబ్ భాష. అది రాయొచ్చా?

కోనసీమ_కొబ్బరి
తెలుగు అనే రాయండి. నాలుగు నెలలు సాయం అవసరమైతే తీసుకుంటుంది, పోయేదేం లేదు. అత్తయ్య గారి అక్క కూతురు విషయంలో క్లాసులోంచి తీసుకెళ్లడం నచ్చకపోతే, ఆ సాయం క్లాసులోనే ఇచ్చే పద్ధతి ఉందా అని అడగాల్సింది. ఇంకోటి, మాటల్లో ఆలస్యం గమనిస్తే అది భాష వల్లా, వేరే కారణమా అని తేల్చమని విడిగా ఈమెయిల్ పెట్టండి. ఫారం ఇచ్చేముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, తర్వాత వాళ్ల దగ్గర ఏం నమోదైందో సరిచూసుకోవచ్చు.

రాత్రిపూట_కోడర్
ఓకే మేడమ్. ఆ ఈమెయిల్ ఫార్మాట్ ఒకసారి ఇక్కడ పెట్టండి, కాపీ కొట్టుకుంటాం.